సాక పోసిన కొద్దీ

"నర్సమ్మ పెద్దమ్మా, ఆ బోనాల రోజు అసలేం జరిగిందో మొదటి నుంచి చెప్పు. అమ్మ ఒకలాగా చెప్తుంది, మల్లయ్య పెదనాన్న ఇంకోలాగా చెప్తాడు. నువ్వు చూసింది చెప్తే చాలు. ఫోన్ ఇక్కడ పెడుతున్నాను, దాన్ని పట్టించుకోకు."

పెట్టు బిడ్డా. ఆ స్టూలు మీద వద్దు, దానికి ఒక కాలు పొట్టి, పడ్తది. ఈ బియ్యం డబ్బా మీద పెట్టు. ఇందుల నా మాట పడ్తదా, ఇంత మెల్లగ మాట్లాడినా? మెల్లగనే చెప్త మరి. పక్క ఖోలీల మీ అమ్మ ఉన్నది. మా రెండిండ్ల నడుమ ఉన్నది గోడ కాదు సుజాతా, పలకల మీద సున్నం కొట్టిన్రు, అంతే. నేను ఇక్కడ తుమ్మితే అటు దిక్కు నుంచి బాలమణి "చిరంజీవ" అనేది. ఇప్పుడు తుమ్మితే టీవీ సప్పుడు పెంచుతది. అగో, విన్నవా? మరాఠీ సీరియల్. మీ అమ్మకు మరాఠీ సగమే అర్థమైతది, అయినా పెంచుతది.

విననీ అంటవా? విననీ. నేనేం అబద్ధం చెప్తలేను గద.

ఎప్పుడది... మా ఆయన పోయిన ఏడాది. ఆయన పోయింది ఎండాకాలంల, ఇది ఆషాఢంల. కరోనా అయిపోయినంక బోనాలు మళ్ళ పెద్దగ చేసిన మొదటిసారి. మొగడు పోయి ఏడాది తిరగంది బోనం ఎత్తొద్దంటరు, మైల. అందుకని నేను ఎత్తలే. లేకుంటే నేను, మీ అమ్మ, పెండ్లయి ఈ ఖోలీల బిల్డింగుల, ఈ చాల్‌ల అడుగు పెట్టినప్పట్నుంచి ఒకరి పక్కన ఒకరం నడిచినోళ్ళం. ఆమె కుడి దిక్కు, నేను ఎడమ దిక్కు. పొద్దుగాల్నే ఇద్దరం లోకల్ పట్టుకొని దాదర్ పోయేది, బంతిపూలకు. అప్పట్ల ఒక్క రూపాయి ఇస్తే ఆ పూలమ్మే ముసలామె కొంగు నిండ పోసేది. ఇప్పుడు రూపాయికి ఆకు గూడ రాదు. వచ్చేటప్పుడు రైల్ల జనం తొక్కుతుంటే మీ అమ్మ ఆ పూల మూటను చంటిపిల్ల లెక్క భుజం మీదేసుకొని "బాళ్ ఆహే, బాళ్ ఆహే" అని అరిచేది. ఒకసారి ఎవడో నిజంగ సీటిచ్చిండు. కూసున్నంక మూటల నుంచి పూలు రాలినయ్. వాడు చూసిండు, మీ అమ్మ వాని మొఖం చూసింది... దాదర్ నుంచి గ్రాంట్ రోడ్ దాక నవ్వుకుంటనే వచ్చినం. నవ్వుతున్నవా? అట్లాంటిది మీ అమ్మ. నీకు తెల్వదు, నీకు పుట్టినప్పట్నుంచి అమ్మే గద.

ఆఁ, ఎక్కడున్న?

నీకు ఒకటి తెల్వాలె, లేకుంటే తతిమ్మది అర్థం కాదు. మీ ఇంట్ల ఆడోళ్ళందరి మీదికి అమ్మవారు వచ్చింది. మీ నాయినమ్మ మీదికి వచ్చేది, ఆమె ఊగితే గల్లీ గల్లంత నిలబడి చూసేది. తర్వాత మల్లయ్య పెండ్లాం మీదికి వచ్చింది. మొన్న మొన్న కోడలుగ వచ్చిన పిల్ల ఉన్నది గద, తెలుగు రెండు ముక్కలు రావు దానికి, దాని మీదికి గూడ వచ్చింది, మరాఠీల పలికింది అమ్మవారు! ఒక్క మీ అమ్మ మీదికే రాలే. ప్రతి ఆషాఢం ఉపాసం ఉండేది, డప్పు దగ్గర పోయి నిలబడేది, కండ్లు మూసుకునేది. ఏం రాదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కొని, "నర్సక్కా, నా పక్కనున్నదాని మీదికి వచ్చింది, నన్ను దాటుకొని పోయింది" అనేది. బస్సు ఆగకుండ పోయినట్టు చెప్పేది.

ఎందుకంత ఆశ అంటవా? నువ్వు చదువుకున్నదానివి, బడిల సైన్స్ చెప్తవ్, నీ మాట నలుగురు వింటరు. నీకు తెల్వదు. మీ నాయిన మంచోడే, గని ఇంట్ల మాట ఎవరిది? మల్లయ్యది. ఏ బియ్యం తేవాలె, ఎవరి పెండ్లికి పోవాలె, అన్నీ ఆయన్నే. నిన్ను కాలేజీకి పంపాలెనని మీ అమ్మకు ఉండె. అన్నదా? బావ ముందట నోరు తెరవలే. నన్ను పంపింది. నేను పోయి కొట్లాడిన. "నీకేం సంబంధం నర్సమ్మా" అన్నడు. "నాకు పిల్లల్లేరు గద, పుర్సత్ ఉన్నది, ఒర్రుకుంట కూసుంట" అన్న. విసిగి ఒప్పుకున్నడు.

అదే అమ్మవారు వచ్చిన ఆడదాన్ని చూడు. ఆ మల్లయ్యనే చేతులు కట్టుకొని నిలబడ్తడు. "తల్లీ, ఏమన్న తప్పు చేసినమా? పిల్లకు సంబంధం కుదురుతదా?" అని అడుగుతడు. ఆమె ఏం చెప్తే అది. వంట మంచిగ లేదని పొద్దున గిన్నె విసిరేసిన మొగోడే సాయంత్రం కాళ్ళకు మొక్కుతడు. బాలమణికి అది కావాలె. నగలు కాదు, చీరెలు కాదు. ఒక్కసారి అడగాలె ఆమెను, "ఏం చెయ్యమంటవ్ తల్లీ" అని.

సరే. ఆ ఆదివారం. వాన ఒకటే వాన. పొద్దటి సంది పడి మధ్యాహ్నం జర తెరిపిచ్చింది. మన చాల్ ముందట ఓటా ఉన్నది గద, ఎత్తుగ అరుగు, ఆ కొసకు పోచమ్మ. అక్కడ మండపం వేసిన్రు, ఇనుప పైపులు నిలబెట్టి, మీద ప్లాస్టిక్ పట్టా. పైపులకు ఇసుక డబ్బాలు. ఆ పైపులకు చుట్టూత రంగు రంగుల సీరియల్ బల్బులు. ఎవరు కట్టిన్రు అంటే కమిటీ పోరగాళ్ళు కట్టిన్రు, ఎట్ల కట్టిన్రు అంటే సన్న ఇనుప తీగ పెట్టి గట్టిగ మెలిపెట్టి కట్టిన్రు. వైరు తోలు కోసుకపోదా? ఎవరు చూడొచ్చిన్రు.

ఇంక నేల. వాన నీళ్ళు ఉన్నయ్. బోనమెత్తి వచ్చేటోళ్ళ కాళ్ళ మీద బాల్దీలతోని నీళ్ళు పోస్తరు, అవి ఉన్నయ్. మీ పెద్దమ్మ, మల్లయ్య పెండ్లాం, అందరికీ పిడికిళ్ళతోని ఉప్పు తీసి దిష్టి తీసింది, ఆ ఉప్పు మోరీల వేయాలె గద, జనంల ఎక్కడ పోతది, అక్కడ్నే కాళ్ళ దగ్గర నీళ్ళల్ల వేసింది. అందరు ఉత్త కాళ్ళతోని. నేను? నేను మైలదాన్ని, మెట్ల మీద నిలబడ్డ. కాళ్ళకు చెప్పులున్నయ్, రబ్బరువి, మా ఆయన ఫాక్‌లాండ్ రోడ్ మీద కొన్నడు అవి, పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకొని తిరుగుతున్న.

బోనాలు వచ్చినయ్. డప్పులు ఓటా కింద నిలబడి ఒక్కతీరుగ కొడ్తున్నయ్. ఆడోళ్ళు ఓటా ఎక్కిన్రు. ఎక్కినోళ్ళు ఎక్కినట్టు కాలు ఎత్తి పెడ్తున్నరు, అటో కాలు ఇటో కాలు, కాళ్ళ కింద చీమలు పాకినట్టు. "జుమ్ముమంటుంది, జుమ్ముమంటుంది" అంటున్నరు. ఎవరో గట్టిగ అన్నరు, "అమ్మ వచ్చింది, ఓటా మీదికి వచ్చింది!" ఇంక అందరు "పోచమ్మ తల్లీ" అని మొక్కుడు. నాకు గూడ ముందుగాల అట్లనే అనిపించింది, ఎందుకు దాచాలె? నేను గూడ మెట్ల మీద చేతులు జోడించిన.

అప్పుడు మీ అమ్మ ఎక్కింది. కొత్త పసుపు చీరె, తడిసి ఒంటికి అతుక్కున్నది. తల మీద బోనం, ఒక చేయితోని పట్టుకున్నది. ఓటా మెట్టు ఎత్తు, మోకాలు నొప్పి. ఎక్కంగ జారకుండ ఇంకో చేయి పైపుకు ఆనించింది.

అంతే బిడ్డా.

ఊగుడు మొదలైంది. డప్పులోళ్ళు చూసిన్రు, ఇంక కొట్టుడు చూడు! "బాలమణి మీదికి వచ్చింది! బాలమణి మీదికి!" అని గల్లీ అంత ఒకటే అరుపు. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్ సంబురానికి. వచ్చిందిరా దీనికి, ఇన్నేండ్లకు బస్సు ఆగింది అనుకున్న.

అమ్మవారు వచ్చినోళ్ళకు సాక పోయాలె గద, పసుపు, బెల్లం, వేపాకు కలిపిన నీళ్ళు, కాళ్ళ మీద పోస్తే తల్లి చల్లబడ్తది. మీ పెద్దమ్మ చెంబుతోని పోసింది. ఊగుడు ఎక్కువైంది. ఇంకో చెంబు. ఇంకా ఎక్కువైంది. పోసిన కొద్దీ ఊగుతుంది. "తల్లి శాంతిస్తలేదు, పొయ్యున్రి, పొయ్యున్రి" అంటున్నరు. ఒకామె వంగి కాళ్ళు ముట్టి చెయ్యి గుంజుకున్నది, "అబ్బ, ఏం శక్తి!" అని. ఇంకొకామె ముట్టింది, ఆమె గూడ గుంజుకున్నది. మల్లయ్య ముందటికొచ్చిండు. పెద్ద తలపాగ, కమిటీ పెద్దమనిషి. చేతులు జోడించి ఇంత వంగి, "తల్లీ, నీ బోనం ముట్టిందా? పలుకు తల్లీ" అన్నడు.

పలుకది. అక్కడ నాకు అనుమానమొచ్చింది.

ఎందుకంటే నేను మీ నాయినమ్మ సంది చూస్తున్న. అమ్మవారు వస్తే చేతులు విచ్చుకుంటయ్. జుట్టు విడిపోయి తల తిరుగుతది, నోట్లకెళ్ళి కేక వస్తది. మీ అమ్మ తల తిరుగుతలేదు. నోరు గట్టిగ మూసుకున్నది, పండ్లు గిట్టకరిచింది. నేను ఆ చేయి చూసిన. పైపు మీద చేయి. వదుల్తలేదు. ఒళ్ళంత ఊగుతుంది, చేయి మాత్రం మేకు కొట్టినట్టు అక్కడ్నే ఉన్నది. వెనకట నీళ్ళు కాగబెట్టే కరెంటు కడ్డీ బాల్దీల పెట్టి, బంద్ చెయ్యకుండ చెయ్యి ముంచినదాన్ని నేను. నాకు తెల్వదా ఆ గుంజుడు?

"కరెంటు! కరెంటు!" అని మొత్తుకున్న. డప్పుల సప్పుడుకు నా గొంతు నాకే ఇనబడలే. మెట్లు దిగి మల్లయ్య కండువా పట్టి గుంజిన, "మల్లయ్యా, అది అమ్మవారు కాదు, కరెంటు" అని. ఆయన నా దిక్కు చూసి ఏమన్నడు? "నర్సమ్మా, నువ్వు మైల. ఇక్కడిదాక ఎట్ల వచ్చినవ్? దూరం జరుగు." మళ్ళ అటు తిరిగి, "తల్లీ, మైల మనిషి అడ్డమొచ్చింది, తప్పు కాయి, ఇంకో చెంబు పొయ్యున్రి" అన్నడు.

ఇంక నేను ఎవరితోని మాట్లాడాలె? ఉరికిన. మెట్ల కింద మీటర్లుంటయ్ గద, బొద్దింకలు, పాత సైకిళ్ళు, అవతల మీటర్ల పలక. చేతులు కొంగుకు తుడుచుకున్న, కొంగు చేతికి చుట్టుకున్న, అన్నిట్లకెళ్ళి పెద్ద స్విచ్చి, ఎర్ర పిడిది, కిందికి గుంజిన. అది గూడ ఎన్నేండ్ల సంది ఎవరూ ముట్టందో, ఇరుక్కున్నది. వేలాడిన దానికి. ధడ్ మని పడ్డది.

మైకు ఆగింది. ఎవరింట్లనో మిక్సీ ఆగింది. పైకెళ్ళి ఎవడో "అరే, లైట్ గేలీ!" అని అరిచిండు. డప్పులకు కరెంటుతోని పనిలేదు గని అవి గూడ ఆగినయ్, ఎందుకంటే మీ అమ్మ పడ్డది. బోనం పగిలింది. అన్నం, పెరుగు, వేపాకు, అన్నీ ఆ నీళ్ళల్ల.

ఊపిరి ఉన్నది. అరచేయి కాలింది. టాక్సీల వేసుకొని దవాఖానకు పోయినం, నా ఒళ్ళ తల పెట్టుకున్న, మైల గియిల ఎవరికి గుర్తున్నది అప్పుడు. డాక్టర్ పిల్ల, నీ వయసే ఉంటది, ఇంకొంచెం సేపైతే మనిషి దక్కకపోయేది అన్నది. నేను నీకు ఫోన్ చేసింది అప్పుడే.

మూడో దినం అనుకుంట, ఇంటికి తెచ్చినంక మీ అమ్మ నన్ను కూసోబెట్టుకొని అడిగింది. "నర్సక్కా, నేనేం పలికిన? అందరికీ ఏం చెప్పిన?" అని. మొఖం వెలుగుతుంది బిడ్డా. నేనేం చెప్పాలె? "ఏం పలకలే. పండ్లు గిట్టకరిచినవ్" అన్న. నా మాటలు ఇంతే గద, నీకు తెలుసు. జర మెత్తగ చెప్పొచ్చుండె. గని మెత్తగ చెప్పినా అదే ముచ్చట.

అప్పటికే మల్లయ్య చెప్పిండు ఆమెకు. తల్లి వచ్చింది, నిండుగ వచ్చింది, పలికే టైముకు మైల మనిషి పోయి బంద్ చేసింది, తల్లి సగంల పోయింది, బోనం పగిలింది అని. ఇన్నేండ్లకు వచ్చిన తల్లిని నేను పంపించిన్నట! గల్లీల సగం మంది అదే నమ్మిన్రు. తతిమ్మ సగం మందికి తెలుసు, గని కమిటీతోని ఎందుకని ఊకున్నరు.

నాకు కోపమొచ్చింది. చూపిస్త అనుకున్న. వైర్‌మన్‌ను పిలుచుకొచ్చిన, యాదవ్ అని పక్క గల్లీ పిల్లగాడు, కమిటీ సీరియల్ తీగ ఆయన్నే విప్పిండు, చీరుకపోయిన జాగ చూపించిండు. మీ అమ్మ గడప దగ్గర కూసోబెట్టిన ఆయనను. టార్చి సెల్లులు, ఒక చిన్న బల్బు, రెండు వైర్లు, ఒక గిన్నె. నల్లా నీళ్ళు పోసి వైర్లు ముంచితే బల్బు వెలిగీ వెలగనట్టు వెలిగింది, మిణుగురు పురుగు లెక్క. "అబ్ నమక్ డాలో ఆజీ" అన్నడు, ఇప్పుడు ఉప్పు వెయ్యి అవ్వా అని. ఒక పిడికిలి ఉప్పు వేసిన. కలపంగ కలపంగ బల్బు మంచిగ వెలిగింది. "ఉత్త నీళ్ళల్ల కరెంటుకు తొవ్వ దొరకదు, ఉప్పు కలిస్తే దొరుకుతది" అన్నడు. నువ్వు గూడ ఫోన్ల అదే చెప్పినవ్ తర్వాత. ఏమీ కలవని ఉత్త నీళ్ళైతే కరెంటు పోనే పోదంటివి. నేనేమన్న? అట్లాంటి నీళ్ళు ఈ కామాటిపురల ఏ నల్లాకు వస్తయ్ బిడ్డా, చెప్పు, నేను గూడ ఒక బిందె పట్టుకుంట అన్న. మన నల్లా నీళ్ళల్ల తుప్పు, మట్టి, ఏం కలిసినయో దేవునికి తెలుసు.

మీ అమ్మ ఆ బల్బు చూసింది. చాలాసేపు చూసింది. అరచేయికి పట్టీ ఉన్నది ఇంక. నేనేమనుకున్న? అర్థమైంది, ఇప్పుడు నా చెయ్యి పట్టుకుంటది అనుకున్న.

"నర్సక్కా," అన్నది, "నా జన్మల మొదటిసారి మా బావ నాకు దండం పెట్టిండు. నేను చూసిన. ఒళ్ళంత గుంజుతుంటే గూడ కండ్లు తెరుచుకొని చూసిన. అది గూడ ఉప్పేనా?" అన్నది.

యాదవ్‌కు తెలుగు రాదు, "క్యా బోలీ ఆజీ?" అంటడు. గిన్నె తీసుకొని వచ్చేసిన.

అప్పట్నుంచి మాటల్లేవు.

ముందుగాల అనుకున్న, వారం రోజులుంటది, బతుకమ్మ దాక ఉంటది. ఎన్ని బతుకమ్మలు పోయినయో. పొద్దున నల్లా వచ్చినప్పుడు గ్యాలరీల ఇద్దరం నిలబడ్తం, ఆమె బిందె, నా బిందె. ఆమె బిందె నిండినంక ఒక్క మాట అనకుండ పక్కకు జరుపుతది, నేను నాది పెడ్త. చేపల కూర వండితే వాసన వస్తది, ఉప్పు ఎక్కువేసిందా తక్కువేసిందా గూడ నాకు తెలుస్తది వాసనకే, గిన్నె మాత్రం రాదు. అరచేయి వానాకాలం తిమ్మిరెక్కుతదని నువ్వు చెప్తేనే తెలిసింది నాకు. గోడ అవతల ఉన్న మనిషి ముచ్చట నువ్వుండే డోంబివిలి నుంచి రావాలె.

ఈ అంతస్తుల తెలుగోళ్ళు ఎవరున్నరు ఇప్పుడు? నేను, ఆమె. తతిమ్మ ఖోలీలల్ల బ్యాగులు కుట్టే పిల్లగాండ్లు, ఒక్కో ఖోలీల ఇంతమంది. మంచోళ్ళే, ఆజీ ఆజీ అంటరు, సిలిండర్ మోసుకొచ్చి పెడ్తరు. వాళ్ళతోని హిందీ. దుకాణంల మరాఠీ. మన పిల్లలు గూడ హిందీనే గద. పొద్దటి సంది పండుకునేదాక ఒక్క తెలుగు ముక్క మాట్లాడని రోజులున్నయ్ సుజాతా. మొన్న పాలు పొంగితే "అయ్యో అయ్యో" అన్న, అప్పుడు యాదికొచ్చింది, ఇయ్యాల ఇదే మొదటి మాట అని. అందుకే నువ్వొస్తే ఇట్ల ఒర్రుతున్న. నీకు టైమైతుందా? రైలు ఎన్నింటికి? ఉన్నదా టైము? సరే.

ఏంది, ఏదో చెప్పాలెననుకుంటున్నవ్. చెప్పు. ముందుగాల్నే చూసిన నీ మొఖంల.

"అమ్మ నీతో మాట్లాడతానంటోంది పెద్దమ్మా. ఈ ఆదివారం బోనాలకి నువ్వు ఎప్పటిలాగా తన పక్కన నడవాలట. పోచమ్మ ముందు అందరూ వినేలా ఒక్క మాట చెప్పాలట, ఆ రోజు వచ్చింది అమ్మవారే అని. అంతే అడిగింది."

...

మాట్లాడ్తనన్నదా?

తన నోటితోనే అన్నదా, నువ్వు కల్పించి చెప్తున్నవా? ... ఏమన్నది, "నర్సక్క" అన్నదా, "పక్కింటామె" అన్నదా?

"నర్సక్క" అన్నదా.

జర ఆగు. నీళ్ళు తాగుత.

చూడు బిడ్డా. నాకేం పోతది ఆ మాట అంటే? నేను పోచమ్మను నమ్మనిదాన్ని కాదు. మీ నాయినమ్మ మీదికి వచ్చింది కరెంటు కాదు, నేను చూసిన, కందిళ్ళ కాలంల గూడ వచ్చేది ఆమె మీదికి. బాలమణి మీదికి రావద్దా? రావాలె. నేను గూడ మొక్కుత దానికోసం. ఒక్క మాట అంటే మళ్ళ గిన్నె వస్తది, తుమ్మితే చిరంజీవ అంటది. పూలకు దాదర్ పోతం.

గని ఆ మాట అన్నంక ఏమైతది, అది చెప్పు. ఎవరికి ఒళ్ళు గుంజినా అది అమ్మవారే అయితది. "నర్సమ్మనే ఒప్పుకున్నది" అంటడు మల్లయ్య. మళ్ళ అదే ఓటా, అవే పైపులు, అవే సీరియల్ బల్బులు. నేను కమిటీ పోరగాండ్లకు ప్రతి యేడు చెప్త, ప్లాస్టిక్ పట్టీతోని కట్టున్రి, పైపుకు కాదు, పైన తాడు కట్టి వేలాడదీయున్రి అని. "ఆజీకో కరెంట్ చఢ్ గయా", అవ్వ మీదికి కరెంటు వచ్చింది అని నవ్వుతరు. యాదవ్ చెప్పిండు, మీటర్ల కాడ చిన్న డబ్బా అసొంటిది ఒకటి పెడితే కరెంటు తప్పుదోవ పడంగనే దానంతట అదే పడిపోతదట. బిల్డింగ్ మాలక్‌ను అడిగితే, "రేపో మాపో పడగొట్టే బిల్డింగ్, ఎవరు పెట్టిస్తరు" అన్నడు. ఆ రేపు ఎన్నేండ్ల సంది వస్తనే ఉన్నది. ఇంక మీ అమ్మ. ఆమె అదే జాగల పోయి నిలబడ్తది, నాకు తెలుసు. ఆడ్నే వచ్చింది గద తల్లి, ఆడికే వస్తది అనుకుంటది. పైపు పక్కకే పోతది. సాక పోసేటోళ్ళు చెంబులు పట్టుకొని తయారుంటరు.

మైల పోయినా నేను బోనం ఎందుకెత్తుతలేనో నీకు తెల్వదు గద? ఎవరికీ తెల్వదు. నర్సమ్మకు పొగరు వచ్చింది, అలిగింది అనుకుంటరు. నేను మీటర్ల కాడ నిలబడ్త బిడ్డా. ప్రతి యేడు. బోనాలు పక్క గల్లీ దాటినయంటే నేను దిగుత. పీట వేసుకుంట, చెప్పులేసుకుంట, పొడి తువాల చేతికి చుట్టుకుంట, ఎర్ర పిడి మీద చెయ్యి పెట్టి నిలబడ్త. చెప్పులేసుకున్నది బోనం ఎట్ల ఎత్తుతది? అక్కడికెళ్ళి ఓటా సగం కనిపిస్తది. మనుషుల నడుమకెళ్ళి మీ అమ్మ చీరె కొంగు కనిపిస్తది, చేయి కనిపిస్తది. ఆ చేయినే చూస్త. అందరు అమ్మవారి మొఖం చూస్తరు, నేను ఆ చేయి చూస్కుంట ఉంట. మళ్ళ బోనాలు పోయినంక పైకొచ్చి, ఇంత అన్నం వండుకొని తింట.

"ఈసారి మీటర్ల దగ్గర నేను నిలబడతాను పెద్దమ్మా. నువ్వు బోనం ఎత్తు."

నువ్వా?

మంచిదానివి. నీకు సైన్స్ తెలుసు, పిడి ఏదో చూపిస్తే ఒక్కసారికే గుర్తుపడ్తవ్, అదంత సరే. గని నువ్వు బిడ్డవు. మీ అమ్మ ఊగుడు చూసినవనుకో, పిడి గిడి ఏం గుర్తుండదు నీకు, "అమ్మా" అని ఉరుకుతవ్. ఉరికి పోయి పట్టుకుంటవ్. పట్టుకుంటే నువ్వు గూడ అంటుకుంటవ్. తల ఊపకు, నేను చెప్తున్న గద. నేను గూడ ఆ రోజు మెట్లు దిగంగ ముందుగాల ఆమె దిక్కే ఉరికిన. మల్లయ్య అడ్డం నిలబడి దూరం జరుగు అనబట్టికి గాని. మైల అని నన్ను తోసేసిండు, అదే నన్ను బతికిచ్చింది, మీ అమ్మను బతికిచ్చింది. ఈ ముచ్చట మల్లయ్యకు చెప్పకు, వాడు దానికి గూడ దండ వేయించుకుంటడు.

అందుకని నేను ఆడ్నే ఉంట. ఆ పిడి కాడ.

అమ్మకు ఏం చెప్పాలె అంటవా? నేను రాను అని చెప్పు. కారణం చెప్పకు. చెప్తే ఆ జాగకు ఇంకింత దగ్గరకు పోయి నిలబడ్తది, ఆమె మొండితనం నాకు తెల్వదా. నాకు మోకాళ్ళు నొప్పి అని చెప్పు. నమ్మదు, గని చెప్పు.

ఇంకొకటి. రెండు చేతులతోని పట్టుకొమ్మను బోనం. ఇప్పుడు వయసైంది గద, రెండు చేతులు పెడితే తప్పులేదను. ఓటా ఎక్కేటప్పుడు నీ భుజం ఆసర ఇయ్యి, పైపు పట్టుకోనియ్యకు. రెండు చేతులు, మరిచిపోకు. నేను చెప్పిన్నని చెప్పకు మళ్ళ. నీ అంతట నువ్వే అన్నట్టు అను.

ఇంక బంద్ చేస్తవా ఫోన్? చెయ్యి. పో బిడ్డా, చీకటి కాకముందే ఇల్లు చేరు. పిల్లలను అడిగిన్నని చెప్పు. పది కాలాలు చల్లగ ఉండున్రి, నీ మాట ఇంట్ల బయట అందరు వినాలె... మీ అమ్మకు చెప్పి పో, పక్కనే గద, అలుగుతది. టీవీ బంద్ చేసినట్టున్నది. ఎప్పుడు బంద్ చేసింది?... నువ్వు విన్నవా? నేను చూస్కోలే...